ఆదివారానికి పన్నెండు ఫోటోలు



పేరెంట్స్ మీటింగుల్లో మార్కుల సంగతి అయిపోయాక మీరు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇంటికొస్తే ఫోన్ వదలడం లేదు మేడమ్, ఏం చేయమంటారు?" కొందరు ఫోన్ దాచిపెడుతున్నారు. కొందరు వారానికోసారి పాస్‌వర్డ్ మారుస్తున్నారు. కొందరు కేకలేసి లాక్కుంటున్నారు. రెండు రోజులు బాగానే గడుస్తుంది. మూడో రోజు మీకేదో పని తగులుతుంది, ఫోన్ మళ్ళీ పిల్లల చేతికి వెళ్తుంది.

ఈ నెల మీకు వేరే దారి ఒకటి చెప్పాలనుకుంటున్నాం. ఫోన్‌లో పిల్లల్ని మంచానికి అతికించేసేవి చాలా ఉన్నాయి. కాళ్ళకు పని చెప్పేది మాత్రం ఒకటుంది, అది కెమెరా. వారానికి ఒక్క పూట, మీరు పక్కనే నడుస్తూ, ఆ ఒక్కదాని కోసం ఫోన్ ఇచ్చి చూడండి. ఇందుకు కొత్త కెమెరా కొనక్కర్లేదు, దూర ప్రయాణాలు చేయక్కర్లేదు. పాణ్యం, నంద్యాల, ఆళ్లగడ్డల చుట్టుపక్కల ఉన్నవి చాలు.

తీసింది ఎక్కువ, చూసింది తక్కువ

ముందుగా ఒక హెచ్చరిక. ఫోటోలు తీసినంత మాత్రాన చూసినట్టు కాదు.

మా దగ్గర ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి సెలవుల్లో అహోబిలం వెళ్ళి 240 ఫోటోలు తీసుకొచ్చింది. "దిగువ అహోబిలం గుడి మండపంలో స్తంభాల మీద ఏమేం చెక్కారు తల్లీ?" అని అడిగాం. కాసేపు ఆలోచించి, "ఫోన్ చూసి చెప్తాను మేడమ్" అంది.

ఇది ఆ అమ్మాయి తప్పు కాదు. పెద్దవాళ్ళకూ ఇలాగే జరుగుతుంది. అమెరికాలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ విద్యార్థులను ఒక మ్యూజియంకు తీసుకెళ్ళి, కొన్ని వస్తువులను ఫోటో తీయమన్నారు, మరికొన్నిటిని ఊరికే చూడమన్నారు. మర్నాడు పరీక్ష పెడితే, ఫోటో తీసిన వస్తువుల గురించే వాళ్ళకు తక్కువ గుర్తుంది. "కెమెరాలో ఉందిలే" అనుకున్నప్పుడు మనసు ఆ బరువు దించేసుకుంటుందన్నమాట. అయితే 2014లో అచ్చయిన ఆ పరిశోధనలోనే ఇంకో సంగతి ఉంది. వస్తువులో ఒక భాగాన్ని ఎంచుకుని దగ్గరగా తీసిన వాళ్ళకు జ్ఞాపకం తగ్గలేదు. ఏ భాగం తీయాలో ఎంచుకోవాలంటే ముందు చూడక తప్పదు కదా.

కాబట్టి మా సూచనలో మొదటి నియమం ఇదే: ఒక నడకకు పన్నెండు ఫోటోలే. అంతకు మించి ఒక్కటి కూడా వద్దు.

మీలో చాలామందికి రీలు కెమెరాలు గుర్తుండే ఉంటాయి. ఒక రీలుకు 36 ఫోటోలు. పెళ్ళికో తిరణాలకో వెళ్తే, ఒక్కో ఫోటోకు ముందు నాన్న ఎంత ఆలోచించేవారో మీరు చూశారు. డబ్బులు అవుతాయన్న భయంతో చేసినా, ఆ ఆలోచనే చూపును పదును పెట్టేది. ఇప్పుడు ఫోటోకు ఖర్చు లేదు. అందుకే ఆ హద్దు మనమే పెట్టాలి. పన్నెండే ఉన్నాయని తెలిస్తే పిల్లలు మొదటి అరగంటలో ఒక్కటి కూడా తీయరు, వెతుకుతారు. మనకు కావలసింది ఆ వెతుకులాటే.

కళ్ళకూ మేలే

ఇంకో కారణం కూడా ఉంది. తరగతిలో కళ్ళజోళ్ళ సంఖ్య ఏటికేడు పెరుగుతుండడం మీరూ గమనించే ఉంటారు. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 ప్రాథమిక పాఠశాలల్లో మూడేళ్ళ పాటు ఒక అధ్యయనం చేశారు. సగం బడుల్లో ఆరేడేళ్ళ పిల్లలను రోజుకు 40 నిమిషాలు అదనంగా ఆరుబయటికి తీసుకెళ్ళారు. మిగతా సగం బడుల్లో మామూలుగానే నడిపారు. మూడేళ్ళ తర్వాత చూస్తే, బయటికి వెళ్ళిన పిల్లల్లో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి వచ్చింది. వెళ్ళని వాళ్ళలో అది 39.5 శాతం. ఈ ఫలితాలు 2015లో అచ్చయ్యాయి.

ఇంట్లో ట్యూబ్‌లైటు వెలుగు కొన్ని వందల లక్స్ మాత్రమే ఉంటుంది. ఆరుబయట పగటి వెలుగు పది వేల లక్స్ దాటుతుంది. ఎదిగే కంటికి ఆ వెలుగు అవసరమని కంటి వైద్యులు చెబుతున్నారు. ఇప్పటికే కళ్ళజోడు ఉన్న పిల్లలకు అద్దాలు పోతాయని మేము చెప్పడం లేదు. రోజుకు కొంతసేపు బయట గడపడం మాత్రం అందరికీ మంచిదే. ఫోటో నడక అందుకు ఒక సాకు.

ఉదయం ఎర్రమల, సాయంత్రం నల్లమల

ఫోటోగ్రఫీ అంటే వెలుగుతో బొమ్మ గీయడం. ఆ వెలుగు ఎటునుంచి వస్తోందన్నదే మొదటి పాఠం. మన ప్రాంతపు పిల్లలు ఈ పాఠం నేర్చుకోవడానికి భూగోళమే సాయం చేస్తుంది.

మ్యాప్ తీసి పిల్లలకు చూపించండి. మనకు తూర్పున నల్లమల, పడమర ఎర్రమల, మధ్యలో కుందూ నది పారే నల్లరేగడి మైదానం ఉన్నాయి. పొద్దు నల్లమల వెనక పొడుస్తుంది, ఎర్రమల వెనక కుంకుతుంది. అంటే ఉదయపు ఎండ నేరుగా వెళ్ళి పాణ్యం వైపు ఎర్రమల గుట్టల మీద పడుతుంది. ఆ సమయానికి మహానంది వైపు నల్లమల ఇంకా నీడలోనే ఉంటుంది. సాయంత్రం ఇది తలకిందులవుతుంది. ఎర్రమల నల్లటి గీతలా మారిపోతుంది, నల్లమల చెట్లు బంగారు రంగులోకి వస్తాయి.

కాబట్టి ఉదయం నడక పాణ్యం గుట్టల వైపు, సాయంత్రం నడక మహానంది వైపు పెట్టుకోండి. ఎండ ఏటవాలుగా పడే ఉదయం ఎనిమిది లోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత రాయి మీద గరుకు, ఆకు మీద ఈనె, గోడ మీద పగులు అన్నీ స్పష్టంగా తేలుతాయి. మిట్టమధ్యాహ్నం ఎండ నెత్తి మీదుగా పడి అన్నిటినీ చప్పగా చేసేస్తుంది. పైగా ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలో పిల్లలను తిప్పడం మంచిది కాదు. వానలు వెనకబట్టిన దగ్గర్నుంచి ఫిబ్రవరి దాకా ఈ నడకలకు మంచి కాలం.

మన ఎండ విలువ లోకానికీ తెలిసింది. మన పక్కనే గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. ఆ ఎండనే మనం ఫోటోకు వాడుకుంటున్నాం.

నడక 1: పాణ్యం గుట్ట రాళ్ళు

పాణ్యం పేరు ప్రపంచంలో భూగర్భ శాస్త్రం చదివే వాళ్ళకు తెలుసని మీ పిల్లలకు చెప్పారా? 1872లో విలియం కింగ్ అనే శాస్త్రవేత్త కడప, కర్నూలు ప్రాంతాల రాళ్ళ గురించి పెద్ద గ్రంథం రాశారు. మన ప్రాంతపు రాతి పొరలకు బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల అని మన ఊళ్ళ పేర్లే ఉన్నాయి. ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో "పాణ్యం క్వార్ట్‌జైట్" అనే రాస్తారు.

క్వార్ట్‌జైట్ అంటే ఇసుక రేణువులు గట్టిగా అతుక్కుపోయి ఏర్పడిన రాయి. ఈ గుట్టలు ఒకప్పుడు సముద్రపు ఒడ్డున ఉన్న ఇసుక. అదీ డైనోసార్లు పుట్టక ముందు, కనీసం 50 కోట్ల ఏళ్ళ కిందటి మాట. మీ ఇంట్లో నేలకు పరిచిన బేతంచెర్ల బండలు కూడా అలాంటి పాత సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయే. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలను నీళ్ళు తొలిచిందీ ఆ జాతి రాతినే.

పిల్లలకు ఇచ్చే పని: ఒకే రాయిని మూడు ఫోటోలు తీయాలి. గుట్ట మొత్తం కనిపించేలా దూరం నుంచి ఒకటి, మనిషి ఎత్తుతో పోల్చేలా ఒకటి, పొరలో గీతలు, రేణువులు కనిపించేంత దగ్గర నుంచి ఒకటి. ఇంటికొచ్చాక నేల బండను కూడా అలాగే తీయమనండి. రెండిటికీ తేడా వాళ్ళే చెబుతారు.

గుట్ట మరీ నిటారుగా అనిపిస్తే హైవే మీద కర్నూలు వైపు వెళ్ళే దారిలో ఓర్వకల్లు రాక్ గార్డెన్ ఉంది. అక్కడ చిన్నపిల్లలు కూడా సులువుగా నడవగలరు. రాళ్ళ మధ్య నీళ్ళలో ప్రతిబింబాలు తీయడానికి అనువైన చోటు. ఒక్క మాట మరవకండి. తమ్మరాజుపల్లె ఘాట్‌లో దృశ్యం ఎంత బాగున్నా, ఫోటో కోసం హైవే పక్కన బండి ఆపకండి.

నడక 2: మహానంది నీళ్ళు

నంద్యాల చుట్టూ ఉన్న నవనందుల్లో మహానందికి పిల్లలు ఎన్నోసార్లు వచ్చి ఉంటారు. ఈసారి నీళ్ళ కోసం రండి. నల్లమల పాదాల దగ్గర పుట్టే ఆ ఊటనీరు ఎంత తేటగా ఉంటుందంటే కోనేరు అడుగున పడిన నాణెం కూడా కనిపిస్తుంది. మరి ఫోటోలో ఆ నాణెం ఎందుకు కనిపించడం లేదు? నీటి మీద ఆకాశం మెరుస్తోంది కాబట్టి. నిలబడిన చోటు రెండడుగులు మార్చి, ఫోన్‌ను కొంచెం కిందికి వంచితే మెరుపు తగ్గి అడుగు కనిపిస్తుంది. సైన్సు పుస్తకంలోని పరావర్తనం, వక్రీభవనం పాఠాలు ఇక్కడ చేతికి తగులుతాయి.

గుడి బయట అరటితోటల వెంట నడవండి. సాయంత్రపు ఎండకు ఎదురుగా అరటాకును పెట్టి తీస్తే, ఆకులోని ఈనెలన్నీ దీపం వెనక కాగితంలా వెలుగుతాయి. కోనేటిలో స్నానం చేసేవాళ్ళు ఉంటారు. వాళ్ళ వైపు కెమెరా తిప్పకూడదని పిల్లలకు ముందే చెప్పండి.

నడక 3: అహోబిలం చెట్లు, స్తంభాలు

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం దగ్గరే. దిగువ అహోబిలంలోని ప్రహ్లాదవరద స్వామి గుడి మండపాలు విజయనగర కాలపు శిల్పాలతో నిండి ఉన్నాయి. ఒక స్తంభాన్ని ఎంచుకుని దాని చుట్టూ తిరగమనండి. ఎన్ని జంతువులున్నాయి? ఎంతమంది నాట్యం చేస్తున్నారు? ఎవరి చేతిలో ఏ వాయిద్యం ఉంది? లెక్క పెట్టాకే ఒక్క ఫోటో తీయాలి. ఆలయంలో ఎక్కడెక్కడ ఫోటోలు తీయనిస్తారో ముందు సిబ్బందిని అడగండి. గర్భగుడి వైపు ఎక్కడా తీయకూడదు. ఫ్లాష్ అసలే వద్దు.

అహోబిలం నవనరసింహుల పేర్లలోనే చెట్లు దాగి ఉన్నాయి. కారంజ అంటే కానుగ చెట్టు. ఛత్రవట అన్న పేరులో గొడుగు, మర్రి రెండూ ఉన్నాయి. ఈ రెండు గుడుల దగ్గర ఏ చెట్లున్నాయో చూసి, ఆకు, బెరడు, కాయ విడివిడిగా తీసుకురమ్మనండి. చెట్టు పేరు తెలియకపోతే ఇంట్లో అవ్వనో జేజినో అడగమనండి. మన పిల్లల్లో చాలామందికి ఇంగ్లీషులో పది చెట్ల పేర్లు వచ్చు గానీ, తంగేడును, మోదుగును చూపిస్తే గుర్తుపట్టరు.

ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి దగ్గరికి భవనాశి వాగు వెంట వెళ్ళే దారి రాళ్ళతో, ఎక్కుడుతో ఉంటుంది. అది హైస్కూలు పిల్లలకు, అదీ పెద్దల తోడుతోనే. ఈ అడవి నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం ఉన్న నల్లమలలో భాగం. అటవీ శాఖ చెప్పిన వేళలకు, దారులకు కట్టుబడి ఉండాలి. కోతులు చేతిలో ఫోన్‌నైనా లాక్కుపోతాయి. వాగు నీళ్ళు ఉధృతంగా ఉన్న రోజు వెనక్కి రావడమే తెలివైన పని.

నడక 4: రోళ్ళపాడు గడ్డిమైదానం

మిడుతూరు మండలంలోని రోళ్ళపాడును 1988లో అభయారణ్యంగా ప్రకటించింది బట్టమేక పిట్ట కోసం. మీటరు ఎత్తు ఉండే ఈ పక్షి ఇప్పుడు దేశం మొత్తం మీద 150 కూడా మిగల్లేదని అంచనా. రోళ్ళపాడులో అది కనిపించడమే అరుదైపోయింది. అక్కడికి వెళ్తే మీకు కృష్ణజింకలు కనిపిస్తాయి, చలికాలంలో దూరదేశాల నుంచి వచ్చే గద్దలు కనిపిస్తాయి. బట్టమేక పిట్ట ఎలా ఉంటుందో మాత్రం ఎవరో తీసిన పాత ఫోటోలోనే చూపించాలి.

ఈ మాట పిల్లలకు తప్పకుండా చెప్పండి. ఈరోజు మామూలుగా కనిపించేది పాతికేళ్ళ తర్వాత కనిపిస్తుందన్న నమ్మకం లేదు. మీ ఇంటి ముందు కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్ట ఫోటో, దాని పక్కన రాసిన తేదీ, ఊరి పేరు కూడా రేపటికి ఒక రికార్డే. ఐనాచురలిస్ట్, ఈబర్డ్ వంటి ఉచిత యాప్‌లలో ఇలాంటి ఫోటోలు పెడితే నిపుణులు జాతిని గుర్తించడానికి సాయం చేస్తారు, శాస్త్రవేత్తలు ఆ వివరాలను పరిశోధనలకు వాడుకుంటారు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షులను లెక్కపెట్టే కార్యక్రమం జరుగుతుంది. మీ మేడ మీద నుంచే పిల్లలు అందులో పాల్గొనవచ్చు. ఈ యాప్‌లలో ఖాతా మీ పేరు మీదే తెరవండి.

ఫోన్ కెమెరాతో జింకను దగ్గరగా తీయలేం. తీయాలని వెంటపడకూడదు కూడా. విశాలమైన గడ్డిలో చిన్న చుక్కలా ఉన్న జింక ఫోటో కూడా మంచి ఫోటోనే. అది ఎలాంటి చోట బతుకుతుందో అందులో కనిపిస్తుంది.

ఊళ్ళోనే ఉన్న కళ

కొండలెక్కే తీరిక లేని ఆదివారాలు ఉంటాయి. ఆ రోజు ఊళ్ళోనే నడవండి.

గోడ మీద బొమ్మ వేయడం మన ప్రాంతానికి కొత్త కాదు. పక్కనే ఓర్వకల్లు మండలం కేతవరం దగ్గర రాతి గుహల్లో ఆదిమానవులు వేసిన చిత్రాలున్నాయి. ఆ వరస ఇంకా తెగలేదు. ఇంటి ముందు ముగ్గు, లారీ వెనక తామరపువ్వు, బడి ప్రహరీ మీద బొమ్మలు, కిరాణా కొట్టు తలుపు మీద చేత్తో రాసిన అక్షరాలు అన్నీ ఊరి కళే. ఫ్లెక్సీలు వచ్చాక చేత్తో బోర్డు రాసే పెయింటర్లు తగ్గిపోయారు. మీ వీధిలో ఇంకా మిగిలిన చేతిరాత బోర్డులన్నీ పన్నెండు ఫోటోల్లో సేకరించమనండి. తెలుగు అక్షరం "శ్రీ"ని ఒక్కో పెయింటర్ ఎంత వేరుగా రాశాడో పిల్లలే చూస్తారు.

ఆళ్లగడ్డ తల్లిదండ్రులకైతే ఇంకా పెద్ద అదృష్టం ఉంది. ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. దూరప్రాంతాల గుడులకు వెళ్ళే విగ్రహాలు మన రోడ్డు పక్క షెడ్లలోనే రూపుదిద్దుకుంటున్నాయి. మనం రోజూ బండి మీద ఆ ఉలి చప్పుడు వింటూ వెళ్ళిపోతున్నాం. ఒక్కసారి ఆగండి.

ముందు ఫోన్ జేబులో పెట్టించండి. మీ పిల్లవాడే వెళ్ళి అడగాలి: "అన్నా, మీరు పని చేస్తుంటే చూడొచ్చా? ఫోటో తీసుకోవచ్చా?" వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేయాలి. సరేనంటే కాసేపు కూర్చుని చూడాలి. ఏ రాయి ఎందుకు ఎంచుకుంటారు, ముందు ఏ భాగం చెక్కుతారు, కళ్ళు ఎప్పుడు చెక్కుతారు అని అడగాలి. ఆ తర్వాత నాలుగు ఫోటోలు: ముట్టని బండ, గీతలు గీసిన బండ, సగం రూపం, పూర్తయిన విగ్రహం. నాలుగు వేర్వేరు రాళ్ళవైనా ఫర్వాలేదు. ఐదోది శిల్పి చేతుల ఫోటో. రాతిపొడి కళ్ళల్లో పడకుండా కొంచెం దూరంగానే నిలబడండి. వీలైతే ఆ ఫోటో ఒకటి ప్రింటు తీయించి తర్వాతి వారం ఆయనకు ఇచ్చి రండి. తీసుకోవడమే కాదు, తిరిగి ఇవ్వడం కూడా నేర్పాలి కదా.

చేతిలో ఫోన్‌తో ఇంత చాలు

మీకు ఫోటోగ్రఫీ రాదని వెనకాడకండి. ఈ ఆరు సంగతులు తెలిస్తే పిల్లలకు నేర్పవచ్చు.

ఒకటి, బయలుదేరే ముందు లెన్స్‌ను మెత్తటి నూలుగుడ్డతో తుడవండి. ఫోటోలు మసకగా రావడానికి సగం కారణం వేలిముద్రలే.

రెండు, వేళ్ళతో జూమ్ చేయవద్దు. చాలా ఫోన్లలో అలా చేస్తే ఉన్న బొమ్మనే సాగదీసి చూపిస్తుంది. దగ్గరగా కావాలంటే నడిచి దగ్గరికెళ్ళాలి. వెళ్ళలేని చోట దూరంగానే తీయాలి.

మూడు, కెమెరా సెట్టింగుల్లో గ్రిడ్ ఆన్ చేయండి. తెర మీద తొమ్మిది గళ్ళు వస్తాయి. ముఖ్యమైనదాన్ని ప్రతిసారీ నడిగడిలోనే కాకుండా, గీతలు కలిసే చోట పెట్టి చూడమనండి. ఆకాశం బాగుంటే దానికి రెండు వంతులు, నేల బాగుంటే నేలకు రెండు వంతులు ఇవ్వాలి.

నాలుగు, తెర మీద వేలితో తాకితే ఫోన్ అక్కడ ఫోకస్ చేస్తుంది. తాకిన చోట వచ్చే సూర్యుడి గుర్తును కిందికి జరిపితే వెలుగు తగ్గుతుంది. తెల్లటి గోపురం, మబ్బులు తెల్లగా పాలిపోకుండా ఉండడానికి ఇది పనికొస్తుంది.

ఐదు, వెలుగు తక్కువున్న చోట కెమెరా ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచుతుంది. ఆలోపు చెయ్యి కదిలితే ఫోటో అలుక్కుపోతుంది. బెలుం గుహల్లాంటి చోట మోచేతులు పక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి తీయాలి. గుహలో వేలాడే రాతిధారలను ముట్టుకోకూడదు.

ఆరు, వంగండి. పిల్లల్ని కూర్చుని, మోకాళ్ళ మీద, ఒక్కోసారి పడుకుని తీయమనండి. చీమ ఎత్తు నుంచి చూస్తే గడ్డి కూడా అడవే.

కెమెరా ఎలా పనిచేస్తుందో పిల్లలు అడిగితే, వేప చెట్టు కిందికి తీసుకెళ్ళండి. మధ్యాహ్నం నీడలో గుండ్రటి వెలుగు మచ్చలు కనిపిస్తాయి. ఆకుల మధ్య సందులు గుండ్రంగా ఉండవు, మరి మచ్చలు ఎందుకు గుండ్రంగా ఉన్నాయి? ప్రతి మచ్చా సూర్యుడి బొమ్మే కాబట్టి. ప్రతి చిన్న సందూ ఒక సూదిబెజ్జం కెమెరా. పాక్షిక సూర్యగ్రహణం రోజున ఆ మచ్చలన్నీ నెలవంకల్లా మారతాయి. ఈ ఒక్క సంగతి అర్థమైతే ఆప్టిక్స్ పాఠం సగం వచ్చినట్టే.

ఇవి మరవకండి

నీళ్ళ అంచున, కొండ అంచున, రైలు పట్టాల మీద సెల్ఫీ వద్దు. తెర చూస్తూ వెనక్కి నడవడం అసలే వద్దు. నడక పూర్తయ్యేదాకా ఫోన్‌లో ఇంటర్నెట్ ఆపేస్తే పిల్లల ధ్యాస మళ్ళదు. ముక్కూమొహం తెలియని వాళ్ళను, ముఖ్యంగా ఆడవాళ్ళను, పిల్లలను అడగకుండా తీయకూడదు. మీ పిల్లల ఫోటోలను ఊరి పేరు, బడి పేరు, యూనిఫాం కనిపించేలా సోషల్ మీడియాలో పెట్టకండి. పూలు కోయవద్దు, గూళ్ళ దగ్గరికి వెళ్ళవద్దు. నీళ్ళ సీసా, టోపీ, పూర్తి బూట్లు తప్పనిసరి.

ఇంటికొచ్చాక అసలు పని

అమెరికాలోని వెర్మాంట్‌లో విల్సన్ బెంట్లీ అనే రైతు ఉండేవాడు. 1885లో సూక్ష్మదర్శినికి కెమెరా తగిలించి ఒక మంచు రేణువును ఫోటో తీశాడు. తర్వాత జీవితమంతా అదే పని చేసి 5000కు పైగా మంచు రేణువుల ఫోటోలు తీశాడు. అతను ఏ స్టూడియోలోనూ పని నేర్చుకోలేదు. ఒక్క వస్తువును ఓపిగ్గా, మళ్ళీ మళ్ళీ చూశాడు. అతని ఫోటోలు శాస్త్రానికీ పనికొచ్చాయి, కళగానూ నిలిచాయి.

మన పిల్లలు అంత చేయాలని కాదు. ఆదివారం రాత్రి అన్నాలయ్యాక పన్నెండు ఫోటోలనూ ఇంట్లో అందరూ కలిసి చూడండి. మూడు మాత్రం ఉంచమనండి. ఏవి తీసేయాలో, ఎందుకో వాళ్ళే చెప్పాలి. "ఇది బాగాలేదు" అని మీరు తీర్పు చెప్పకండి. "ఇది ఎందుకు తీశావు?" అని అడగండి. ఆ జవాబు కోసమే ఈ శ్రమంతా. ఉంచిన మూడింటికీ ఒక నోటుబుక్కులో తేదీ, చోటు, రెండు వాక్యాలు రాయాలి. ఒకటి తెలుగులో, ఒకటి ఇంగ్లీషులో. నెలకు ఒక్క ఫోటో ఊళ్ళో స్టూడియోలో ప్రింటు తీయించి గోడకు అతికించండి. ఫోన్‌లో ఉన్న ఫోటో ఫోన్‌తోనే పోతుంది. గోడ మీది ఫోటోను ఇంటికొచ్చిన చుట్టాలు అడుగుతారు, పిల్లలు చెప్పుకుంటారు.

ఇదంతా చేస్తే ఫోన్ గొడవ పూర్తిగా పోతుందా? పోదు. సోమవారం సాయంత్రం మీ అబ్బాయి మళ్ళీ గేమ్ అడుగుతాడు. కానీ ఆదివారం రెండు గంటలు అతను మీ పక్కన నడిచాడు, మీతో మాట్లాడాడు, ఆ ఫోన్‌తోనే. మీ ఇద్దరి మధ్య గోడలా ఉన్న వస్తువు రెండు గంటలు కిటికీ అయింది. ఆ సమయంలో మీ ఫోన్ మాత్రం మోగకుండా చూసుకోండి. మీరు తల వంచుకుని మెసేజ్‌లు చదువుకుంటూ పిల్లల్ని చుట్టూ చూడమంటే వాళ్ళు వినరు.

అహోబిలం వెళ్ళొచ్చిన ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాం. సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ వెళ్ళిందట, ఈసారి పన్నెండు ఫోటోల లెక్కతో. స్కూలు తెరిచిన రోజు మేము అడగకముందే వచ్చి, ఒక స్తంభం మీద ఏనుగు ఎటు చూస్తోందో, దాని కింద మద్దెల వాయించే మనిషి వేళ్ళు ఎలా ఉన్నాయో చేతులతో చూపించింది. "ఫోటో ఏదమ్మా?" అంటే, "అది సరిగా రాలేదు మేడమ్, వెలుతురు చాల్లేదు" అంది.

ఫోటో రాకపోతేనేం. తను చూసింది.

ఈ నెల మీ ఇంటి పని: ఒక ఆదివారం, ఒక నడక, పన్నెండు ఫోటోలు. వాటిలో ఒక్కటి, పిల్లలు స్వయంగా రాసిన రెండు వాక్యాలతో, నెలాఖరులోగా క్లాస్ టీచర్‌కు పంపండి. మనుషుల ముఖాలు లేని ఫోటోలైతే మంచిది. వచ్చే సంచికలో వీలైనన్ని అచ్చు వేస్తాం. పోటీ లేదు, బహుమతులు లేవు, ర్యాంకులు అసలే లేవు.